మునగకముందే పిలిచిన నేరం

(సాగరతీర నగర్ తీర రక్షణ అధికారి పట్టాభి గారి పదవీ విరమణ సభలో పడవ కార్మికుడు పాండురంగం చేసిన ప్రసంగం. ఎల్బీ నగర్, 1986 నవంబరు 30, ఆదివారం)

సభాధ్యక్షులు, సాగరతీర నగర్ వెంచర్ యజమాని జనార్ధన్ గారికి, ఈ సాయంత్రం సన్మానం అందుకుంటున్న మా తీర రక్షణ అధికారి పట్టాభి గారికి, గంట నుంచీ ఆయన మెడలోంచి తీసిన పూలదండలన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వారి శ్రీమతి సూర్యప్రభ గారికి, దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపు దగ్గర వ్యాన్ ఎక్కి ప్లాట్లు చూడటానికి వచ్చి, భోజనం కూడా ఉందని తెలిసి ఆగిపోయిన పెద్దలకు (నవ్వులు), కట్ట మీద పల్లీలు వేయించి అమ్మే మా ఐలమ్మకు, తోటి పడవవాళ్ళకు, షామియానా బయట తాడు పట్టుకుని నిలబడ్డ సీతారాములుకు నమస్కారం. లోపలికి రా సీతారాములూ. నిన్ను పనిలోంచి ఆపారు గానీ కుర్చీలోంచి ఆపినట్టు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

నన్ను మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. స్టేజీ ఎక్కుతుంటే జనార్ధన్ గారు చెయ్యి పట్టుకుని, "మంచి రోజురా, నాలుగు మంచి ముచ్చట్లు చెప్పి దిగు" అన్నారు. నాలుగు ముచ్చట్లే తెచ్చాను, నాలుగు కాగితాల్లో రాసుకొచ్చాను. ఏడో తరగతితో నా బడి అయిపోయింది. ఆ తర్వాత చదివిందంతా ఐలమ్మ పల్లీలు కట్టి ఇచ్చే పేపరు ముక్కల్లోనే, కాబట్టి నాకు తెలిసిన ఏ వార్తకూ చివర తెలియదు. తప్పులుంటే పొట్లం చింపేసినట్టు చింపేయండి.

ముందుగా కొత్తగా వచ్చినవారికి ఒక సంగతి చెప్పాలి. ఇక్కడికి సముద్రం వందల మైళ్ళ దూరం. అయినా మన చెరువు కట్ట మీద నీలం రంగు బోర్డు ఉంది, 'తీర రక్షణ విభాగం' అని. మూడేళ్ళ కిందట ఆ బోర్డు పెట్టిన వారంలో కర్మన్‌ఘాట్ గుడికి వచ్చిన ముసలమ్మ ఒకామె దర్శనం చేసుకుని నేరుగా ఇటు నడిచి వచ్చి, "కొడుకా, సముద్రమంట గద, ఏడుంది?" అని నన్ను అడిగింది. నేను చెరువు చూపించాను. ఆమె చెరువు వైపు చూసింది, నా వైపు చూసింది, "నీకు జీతమిస్తున్నరా దీనికి?" అంది. (నవ్వులు) ఇస్తున్నారవ్వా. ఇవాళ్టిదాకా ఇచ్చారు. ఈ ప్రసంగం అయ్యాక సంగతి చెప్పలేను.

ఆ నవ్వినవాళ్ళకు నేను ఒక్క మాట చెప్పాలి. బోర్డు అబద్ధమే గానీ దాని కింద కూర్చోవడానికి వచ్చిన మనిషి అబద్ధం కాదు. పట్టాభి గారు ఇరవై ఏడేళ్ళు కోస్తాలో ఒక రేవులో, సముద్రం మీదికి చూసే గదిలో, చెవికి వైర్‌లెస్ పెట్టుకుని బతికిన మనిషి. పడవలో ఎవరైనా సాయం కావాలంటే ఆ పిలుపు ముందు పడేది ఆయన చెవిలోనే. అక్కడ ఉద్యోగం ముగిశాక, మన దగ్గర ప్లాటు తీసుకుని, ఇల్లు కట్టుకుని, తెల్ల బట్టలు వేసుకుని ఈ కట్ట మీదికి వచ్చారు. మొదటి రోజే మా ఆరుగురు పడవవాళ్ళనీ ఎండలో వరసగా కూర్చోబెట్టారు.

"ఏవయ్యా పాండురంగం, పడవలో ఉన్నవాడు సాయం కోసం ఎప్పుడు పిలవాలి?" అన్నారు.

"మునుగుతున్నప్పుడు సార్" అన్నాను.

"అప్పుడు నోటి నిండా నీళ్ళుంటాయి కదయ్యా. ఏం పిలుస్తావు?"

అందరూ నన్ను చూసి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సీతారాములే, అందుకని ప్రశ్న వాడి మీద పడింది. "ఇంజను ఆగిపోయిందయ్యా. నువ్వేం చేస్తావు?"

"తాడు గుంజుత సార్."

"రెండుసార్లు లాగు. మూడోసారి లాగేముందు లంగరు వేసెయ్యి, పడవ గాలికి కొట్టుకుపోకుండా నిలబడుతుంది. నిలబడగానే చేతులు పైకెత్తి పిలువు. ఆ తర్వాత నీ ఇష్టం, పొద్దుగూకేదాకా లాక్కో."

సీతారాములు ఊరుకునే రకం కాదు. "పిలిచినంక ఇంజను చాలూ అయితె ఎట్ల సార్? ఊకె అందర్ని పరేషాన్ చేసినట్టు గాదా?"

"అయితే 'బాగైంది, రావద్దు' అని చెప్పు. వచ్చేవాడు నిన్ను తిట్టుకుంటూ వెనక్కి పోతాడు. తిట్లు తిని ఇంటికి పోయి అన్నం తిన్నవాళ్ళు నాకు వందమంది తెలుసు."

తర్వాత ఆయన ఒకే ఒక్కడి గురించి చెప్పారు. సార్, ఇది మీరు అందరి ముందూ ఎప్పుడూ చెప్పలేదు, ఇవాళ నేను చెబుతున్నాను, ఏమనుకోకండి. పెద్ద చేపల పడవ ఉన్న ఆసామి ఒకడు, మధ్యాహ్నం నాలుగింటికి పడవలోకి నీళ్ళు రావడం చూశాడట. పిలిస్తే రేవులో తోటివాళ్ళు ఎగతాళి చేస్తారని, కొడుకులిద్దరితో కలిసి బకెట్లతో తోడాడట. ఆరున్నరకు పిలిచాడు. అప్పటికి వెలుతురు లేదు. "నాలుగింటికి పిలిచుంటే కనపడేవాడు" అన్నారు పట్టాభి గారు. "మా లాంచీకి వాడి గొంతు దొరికింది గానీ వాడు దొరకలేదు." అని కళ్ళద్దాలు తుడుచుకుని, లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలో చూపించారు.

ఒడ్డు వదిలేముందు ఎంతమంది పోతున్నామో, ఎప్పటికి వస్తామో ఒడ్డున ఒకరికి చెప్పాలి. జాకెట్టు ఒడ్డు మీదే కట్టుకోవాలి, నీళ్ళలో పడ్డాక దాన్ని కట్టుకోవడానికి చేతులు రావు. పడవ తిరగబడితే ఈత వచ్చినా సరే ఒడ్డుకు ఈదొద్దు, పడవనే పట్టుకుని ఉండాలి, వెతికేవాడికి తల కంటే పడవ పెద్దగా కనబడుతుంది. అన్నిటికంటే ముందు, అనుమానం వచ్చినప్పుడే పిలవాలి. ఇవన్నీ మాకు నేర్పింది ఆయనే. ఇదిగో, ఆయన సన్మానపత్రంలో ఇవేవీ లేవు. 'మృదుభాషి, మితభాషి, క్రమశిక్షణకు మారుపేరు' అని ఉంది. దాన్ని రాసినవారు ఆయనతో ఒక్కసారీ పడవెక్కలేదు.

(విమానం చప్పుడు. ప్రసంగం కాసేపు ఆగింది.)

నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పే మైదానం నుంచి వచ్చింది, పోనివ్వండి. అందులో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు ఉంటారు. గాలిలో ఉన్నంతసేపూ కిందివాళ్ళతో మాట్లాడుతూనే ఉంటారట, ఏమీ కాకపోయినా సరే. వాళ్ళను ఎవరూ పిరికివాళ్ళు అనరు, సస్పెండు అసలే చేయరు.

ఇక రెండో కాగితం. మొదటి ఏడాది బాగానే గడిచింది. తర్వాత ప్లాట్లు ఊపందుకున్నాయి, వారానికి రెండు వ్యాన్లు ఆదివారానికి ఏడు వ్యాన్లయ్యాయి. ఒక ఆదివారం ఒక పడవ తుంగ గడ్డిలో చిక్కుకుంటే నేను సైరన్ మోగించాను. సైరన్ వినగానే బ్రోచర్ పట్టుకుని నిలబడ్డ ఒకాయన భార్యాపిల్లలతో మళ్ళీ వ్యానెక్కి కూర్చున్నాడు. ఆ సాయంత్రం జనార్ధన్ గారు కట్ట మీదికి వచ్చారు. ఏమన్నారో ఆయన ముందే చెబుతాను, తప్పయితే ఆపండి.

"ఎవడన్న మునిగితె గద కూత వెట్టేది? మునగకముందే కూత వెడితె, గీడ మునుగుతరని మనమే చాటిచ్చినట్టయితది గదరా!"

(జనార్ధన్ గారు: "గట్లనే అన్న. తప్పేముంది?" నవ్వులు)

ఏమీ లేదు దొరా. తాతల నాటి జొన్నచేలు ప్లాట్లు చేసి అమ్ముకుంటున్నవారు, మీ భయం మీది. అయితే ఆ భయాన్ని మీరు మా మీద పెట్టారు. సైరన్ గదికి తాళం పడింది, తాళంచెవి పట్టాభి గారి జేబులోకి పోయింది, ఆదివారం పూట ఆయన చేతి సంతకం లేనిదే సైరన్ మోగకూడదని రూలు వచ్చింది. నలభై లైఫ్ జాకెట్లూ రంగు పోతుందని కవర్లు విప్పకుండా గాజు బీరువాలో పేర్చారు, వచ్చినవాళ్ళు అద్దంలోంచి చూసి ఎంత భద్రత అనుకుని సంతోషిస్తారు. మోటారు పడవ లంగరుకు వెండిరంగు వేసి గేటు దగ్గర సిమెంటు దిమ్మ మీద నిలబెట్టారు, కొత్త పెళ్ళివాళ్ళు దాని పక్కన ఫోటో దిగుతున్నారు. 'సాయం కోరిన సందర్భాలు' అనే రిజిస్టరులో కొత్తగా 'జరిగిన ప్రమాదం' అనే గడి గీశారు. ఆ గడి ఖాళీగా ఉంటే, ఆ పిలుపు 'అనవసరపు పిలుపు' కింద పోతుంది.

అంటే ఎవరూ చావకపోతే పిలిచినవాడిది తప్పు. ఈ లెక్కన మా చెరువులో సరైన పిలుపు ఒక్కటీ నమోదు కాలేదు, దేవుడి దయ.

ఇవన్నీ వస్తుంటే సముద్రం తెలిసిన మనిషి ఒక్కొక్క కాగితం మీదా సంతకం పెడుతూ పోయారు. ఎందుకు పెడుతున్నారని నేను ఒకరోజు అడిగేశాను. "నేను కూడా జీతగాణ్ణేనయ్యా" అన్నారు.

ఆగస్టు పదిహేడు, ఆదివారం. వారం రోజులుగా వానలు, చెరువు నిండింది. నిండిన నీళ్ళు బయటికి పొర్లే మత్తడి, అదే కోస్తావారు అలుగు అంటారు, పొంగి దుంకుతోంది. మత్తడి అవతల బండలు ఉన్నాయని ఈ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. ఆరుగురు పట్టే మోటారు పడవలో పదకొండు మందిని ఎక్కించారు. పడవ నడిపే సీతారాములు వద్దన్నాడు. "ఒక్క చక్కరే గదరా, కూసోనియ్యి" అన్నారు ఆఫీసువాళ్ళు. చెరువు నడుమ ఇంజను ఆగింది. వాడు తాడు రెండుసార్లు లాగాడు. లంగరు వేద్దామని చూశాడు. లంగరు గేటు దగ్గర ఫోటో దిగుతోంది. (నవ్వులు) నవ్వండి, నాకూ ఇప్పుడు నవ్వొస్తోంది. పడవ గాలికి మత్తడి వైపు జరగడం మొదలుపెట్టింది. వాడు లేచి నిలబడలేదు, నిలబడితే పడవ ఒరుగుతుందని మోకాళ్ళ మీద కూర్చునే, నేర్చుకున్నట్టే రెండు చేతులూ పైకెత్తి దించుతూ విజిల్ వేశాడు.

ముందు చూసింది ఐలమ్మ. "ఓ పాండూ, గా పడవ గట్లెటు వోతున్నదిరా?" అని అరిచింది. నేను పట్టాభి గారి దగ్గరికి ఉరికాను. "సార్, తాళంచెవి!" ఆయన చెయ్యి జేబులోకి పోయింది. జేబులోనే ఆగింది. ఆఫీసు ముందు ఏడు వ్యాన్ల జనం. "ఇంకా దూరం ఉందిగా, కాసేపు చూద్దాం" అన్నారు.

అమ్మా సూర్యప్రభ గారూ, మీ మనసు కష్టపెట్టుకోకండి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం నేను చూశాను. సముద్రం వైపు చూస్తున్న మనిషి ముఖంలా లేదు.

ఐలమ్మ సంతకం కోసం ఆగలేదు. మూకుట్లో పల్లీలు నేల మీద కుమ్మరించి, ఇనుప గరిటెతో మూకుడు బాదడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు తెడ్ల పడవవాళ్ళు ఇద్దరు తిరిగి చూశారు, నేను తాడు పట్టుకుని వాళ్ళ పడవలోకి దూకాను, ముగ్గురం పోయి మోటారు పడవకు తాడు కట్టి గుంజుకొచ్చాం. మత్తడి ఇంకా రెండు పడవల పొడుగు దూరం. పదకొండు మందిలో ఎవరి చెప్పులూ తడవలేదు. ఒకామె దిగుతూ, "రైడు అంత త్వరగా అయిపోయిందేమండీ?" అని అడిగింది కూడా.

ఎవరి చెప్పులూ తడవలేదు కాబట్టి మూడో రోజున సీతారాములుకు మెమో వచ్చింది. 'ప్రమాదమేదీ జరగనప్పటికీ అనవసరంగా సహాయము కోరి, సందర్శకులలో భయాందోళనలు కలిగించినందున పని నుండి ఆపడమైనది.' కింద పట్టాభి గారి సంతకం. అప్పటి నుంచి మూడు నెలలకు పైగా వాడికి పని లేదు. వేరే చెరువుల దగ్గరికి పోతే, "నువ్వేనా ఊకె కూత వెట్టెటోనివి?" అంటున్నారట. పడవ తప్ప వాడికి ఇంకో పని రాదు.

(మైకు ఆగింది.)

మైకు తీసేశారు. ఫరవాలేదు, చెరువు మీద నాకు ఎవరూ మైకు ఇవ్వలేదు. వెనక ఉన్నవాళ్ళకు వినపడుతోందా? (వెనక నుంచి: "వినవడుతుంది, చెప్పు!")

జనార్ధన్ గారు: "ఏందిరా, సన్మానానికి పిలిస్తె పంచాయతి వెడ్తవా? దిగు."

దిగుతా దొరా, ఇంకా రెండు కాగితాలే ఉన్నాయి. మూడోది చదవాలి, అది నా మీదే.

ఆ మెమోకు ముందు ఒక రిపోర్టు రాశారు. 'పడవకు ఎట్టి అపాయమూ లేదు, కేవలము నెమ్మదిగా కదులుచున్నది' అని. దాని కింద సాక్షి సంతకం ఉంది. ఆ సంతకం నాది. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆఫీసులో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి పెన్ను ఇచ్చారు. తాడు చేత్తో పట్టుకుని మత్తడి చప్పుడు విన్నవాణ్ణి, చాయ్ సగం తాగి సంతకం పెట్టాను. మూడు నెలలుగా సీతారాములు ఎదురైతే పక్క గల్లీలోంచి పోతున్నాను. ఇందాకటి నుంచీ పట్టాభి గారి మీద అరుస్తున్నాను గానీ, ఆయన కాసేపు చూద్దాం అన్నారు, నేను మూడు నెలలు చూశాను. ఆ సంతకం అబద్ధమని ఇప్పుడు ఇందరి ముందు చెబుతున్నాను. కావలసినవారు రాసుకోండి.

నాలుగో కాగితం ఇది. ఇందులో నేను రాసింది ఒక్క వాక్యమే. 'పై మెమో ఉపసంహరించుకోవడమైనది.' మెమో ఇచ్చిన అధికారే దాన్ని తీసేయాలని రూలు. ఆ అధికారి పదవి ఇవాళ అయిదు గంటలకు ముగుస్తుంది. రేపటి నుంచి ఆ పదవే ఉండదని ఆఫీసులో చెప్పుకుంటున్నారు, వాచ్‌మన్ తాళంచెవి చూసుకుంటే చాలట. అంటే అయిదు దాటితే సీతారాములు మీద ఉన్న ఆ మాట తీసేసేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ ఉండరు. ఇప్పుడు నాలుగూ ముప్పావు. అయిదు దాటాక నేను మిమ్మల్ని మీ ఇంటికొచ్చి ఎంత బతిమాలినా మీ సంతకానికి విలువ ఉండదు సార్. అందుకే సభ అని కూడా చూడకుండా ఇప్పుడే అడుగుతున్నాను.

(పట్టాభి గారు లేచి నిలబడ్డారు. జనార్ధన్ గారు: "మీరు కూసోండి పట్టాభి గారూ, పోరడు ఏదో అంటున్నడు." పట్టాభి గారు కూర్చోలేదు. జేబులు తడుముకున్నారు. సూర్యప్రభ గారు పూలదండలు పక్క కుర్చీలో పెట్టి, సంచిలోంచి పెన్ను తీసి ఇచ్చారు.)

"ఎందుకండీ అలా చూస్తారు, పెట్టండి. ఆగస్టు నుంచీ మీరు సరిగా అన్నం తినట్లేదు, నేను చూడట్లేదనుకున్నారా?"

ఇది అమ్మగారు అన్న మాట, వెనకవాళ్ళకు వినపడదని నేను చెబుతున్నాను.

సార్ రాస్తున్నారు. నేను ఒక్క వాక్యం రాసుకొస్తే, ఆయన ఇంకా రాస్తున్నారు. ఆగండి. ఇచ్చారు. చదువుతాను. 'పై మెమో ఉపసంహరించుకోవడమైనది. ఆగస్టు 17న సీతారాములు పిలిచిన పిలుపు సరైనది, సరైన సమయంలో పిలిచినది. ఆలస్యం నాది.' కింద సంతకం, తేదీ. టైము కూడా వేశారు, నాలుగూ యాభై రెండు.

(చప్పట్లు. కొందరు లేచి నిలబడ్డారు. జనార్ధన్ గారు స్టేజీ దిగారు.)

జనార్ధన్ గారూ, పోతున్నారా? మంచిది. రేపు పొద్దున ఈ కాగితం పట్టుకుని సీతారాములు పనికి వస్తాడు. నన్ను తీసేస్తే తీసేయండి, కానీ వాడిని ఆపడానికి మీ దగ్గర ఇప్పుడు కాగితం లేదు.

పట్టాభి సార్, ఒక్క మాట చెప్పి ముగిస్తాను. సంతకం పెట్టారని నా కోపం పోయిందనుకోకండి, పోలేదు. ఆ పడవలో పదకొండు మంది ఉన్నారు, నడిపే సీతారాములుతో పన్నెండు. ఐలమ్మ పల్లీలు పారబోయకపోతే మీరూ నేనూ కలిసి ఏం రాసి ఉండేవాళ్ళమో నాకు తెలుసు. కానీ మూడేళ్ళ కిందట ఎండలో కూర్చోబెట్టి మీరు నేర్పకపోతే, వాడికి ఆ రోజు చేతులెత్తాలని తెలిసేది కాదు. ఈ రెండూ నిజమే, ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని కొట్టేయడం నాకు చేతకావడం లేదు. మీ ఇల్లు ఇక్కడే కాబట్టి మీరు ఎక్కడికీ పోవడం లేదు. పొద్దున పూట కట్ట మీదికి రండి. కొత్తగా ఇద్దరు పోరగాళ్ళు పడవల్లోకి వస్తున్నారు, వాళ్ళకు ఏమీ తెలియదు. జీతం ఉండదు, బోర్డు ఉండదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆ నాలుగింటి పడవ సంగతి వాళ్ళకు మీ నోటితోనే చెప్పండి. చివరిదాకా చెప్పండి.

మూడు నిమిషాలిచ్చి ఇంతసేపు భరించినవారికి, మైకు లేకపోయినా విన్నవారికి, పెన్ను ఇచ్చిన అమ్మగారికి నా కృతజ్ఞతలు. భోజనాలు షామియానా వెనక ఉన్నాయి. సీతారాములూ, నువ్వు ముందు లేచి పద, నీ పక్కన కూర్చుని తినాలి నేను. సెలవు.